జపాన్ మడత తెరల్లో శరత్తు: గాలికి తిరగబడిన ఆకుల బొమ్మ చూశాక కొన్ని సందేహాలు

రెల్లుచేను
అందరికీ నమస్కారం. నేను తోక్యోలో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు ఉయెనో పార్కులో ఉన్న తోక్యో నేషనల్ మ్యూజియానికి తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పితో ఎక్కువ నడవలేక ఒక గదిలో బెంచీ మీద కూర్చుండిపోయింది. ఎదురుగా అద్దం వెనక వెండిరంగు మడత తెరలు రెండు ఉన్నాయి. ఒకదాంట్లో వానకు వంగిపోయిన మొక్కలు, ఇంకోదాంట్లో గాలికి ఒరిగిపోయిన గడ్డి. అమ్మ కాసేపు చూసి, "ఇది మన రెల్లు కదే!" అంది. మాది గోదావరి లంక ఊరు. వానలు తగ్గాక గట్టంతా తెల్లగా రెల్లు పూస్తుంది.

పక్కన రాసింది చదివాను: సకాయ్ హోయిత్సు, వేసవి, శరత్కాలపు గడ్డిమొక్కలు, పంతొమ్మిదో శతాబ్దం. అరగంట అక్కడే ఉన్నాం. ఇంటికొచ్చి అదే బొమ్మ ఫోన్లో చూస్తే మాత్రం అంత అనిపించలేదు, ఏదో చీర డిజైన్‌లా ఉంది. ఎందుకని? ఇంకో సందేహం: శరత్తు తెరలో కొన్ని పెద్ద ఆకులు తెల్లగా వేశాడు, ఎండిపోయాయనా? అసలు ఆకాశం, నేల లేకుండా అంతా వెండి పూయడం ఏమిటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

క్యోటోచలి
రెల్లుచేను గారూ, మీ అమ్మగారు మంచి బొమ్మ ముందే కూర్చున్నారు. ఏడాదిలో కొద్ది వారాలే బయట పెట్టే తెరలవి. కాగితం మీద రంగులు వెలుతురు తగిలితే పాడవుతాయి కదా.

ముందు తెల్ల ఆకుల సంగతి. అవి ఎండిన ఆకులు కావు. ఆ తీగ పేరు కుజు, చిక్కుడు జాతిది. చిక్కుడులాగే మూడేసి ఆకులు ఉంటాయి. ఆకు పైన పచ్చగా, అడుగున సన్నటి నూగుతో తెల్లగా ఉంటుంది. గాలి గట్టిగా వీస్తే తిరగబడి అడుగు కనిపిస్తుంది. అంటే హోయిత్సు గాలిని గీయలేదు, గాలి చేసిన పనిని గీశాడు.

జపాన్ పాత కవిత్వంలో ఈ కుజు ఆకుకు ఒక శ్లేష ఉంది. 'ఉర' అంటే వెనక వైపు, 'మి' అంటే చూడటం. రెండూ కలిపి 'ఉరమి' అంటే మనసులో మిగిలిపోయిన నొప్పి, కినుక అనే అర్థం కూడా వస్తుంది. ప్రియుడు రాకపోతే కుజు ఆకుల మీద గాలి అంటూ పద్యం చెప్పేవాళ్లు. ఆ రోజుల్లో తెర చూసినవాళ్లకు ఇది వెంటనే తట్టేది.

ఇప్పుడు అసలు విషయం. ఈ బొమ్మ మొదట ఇంకో తెరకు వీపు మీద వేసింది! ముందు వైపు ఒగాతా కోరిన్ (1658-1716) వేసిన గాలిదేవుడు, ఉరుముదేవుడు. ఆ తెరలు ఎదో (ఇప్పటి తోక్యో) నగరంలో హితొత్సుబాషి కుటుంబం దగ్గర ఉండేవి. ఆ ఇంటి పెద్ద హరుసద, షోగన్ (జపాన్‌ను ఏలే సైనిక ప్రభువు) ఇయెనరికి తండ్రి. ఆయన కోరితే 1821 ప్రాంతంలో హోయిత్సు వెనక వైపు ఈ గడ్డిమొక్కలు వేశాడు. ఉరుముదేవుడి వెనక వానకు తడిసి వాలిన వేసవి మొక్కలు, గాలిదేవుడి వెనక గాలికి ఒరిగిన శరత్తు గడ్డి. ముందు పక్క బంగారు రేకు, వెనక పక్క వెండి రేకు. ఆకాశంలో దేవుళ్లు చేసిన పనికి కింద నేల మీద ఏమైందో వెనక్కి తిరిగి చూస్తే తెలుస్తుంది.

తెర వీపు మీద, ఆకు వీపు. హోయిత్సు దీన్ని తెలిసే చేశాడని నాకు గట్టి నమ్మకం.

బొమ్మలబడి
ఒళ్లు జలదరించింది. ఇప్పుడు ఆ రెండూ కలిసే ఉన్నాయా?

క్యోటోచలి
లేదండి. ముందూ వెనకా ఒకే చెక్క చట్రానికి అంటి ఉంటే మడిచి విప్పినప్పుడల్లా రెండు బొమ్మలకూ రాపిడి. అందుకని కాపాడటానికి విడదీసి వేరు వేరు తెరలుగా కట్టారు. రెండూ ఆ మ్యూజియంలోనే ఉన్నాయి.

ఇంకో చిన్న సంగతి మరిచాను. జపాన్ తెరలను కుడి నుంచి ఎడమకు చూడాలి. కోరిన్ బొమ్మలో గాలిదేవుడు కుడివైపు, ఉరుముదేవుడు ఎడమవైపు. మీరు నడిచి వెనక్కి వెళ్తే కుడి ఎడమలు మారిపోతాయి. కాబట్టి వెనకనుంచి చూసేవారికి ఉరుముదేవుడి వీపు కుడివైపుకొస్తుంది, అక్కడ వేసవి. గాలిదేవుడి వీపు ఎడమవైపు, అక్కడ శరత్తు. ముందు వేసవి, తర్వాత శరత్తు, ఋతువుల వరుస సరిగ్గా కుదిరింది.

తాటాకు
చర్చ బాగుంది. ఒక మాట అడ్డం వస్తున్నాను, తెలుగు చెప్పేవాడిని కాబట్టి.

ఇంగ్లీషు పాఠాల పుణ్యమా అని మనం 'ఆటమ్' అనగానే 'ఆకురాలు కాలం' అనేస్తాం. మన లెక్కలో ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. శరత్తు అంటే ఆశ్వయుజ కార్తీకాలు: వానలు వెలిసి, ఏళ్లలో నీళ్లు తేరుకుని, వెన్నెల పిండారబోసినట్టు ఉండే కాలం. భారతంలో నన్నయ గారి చివరి పద్యంగా చెప్పుకునేది కూడా శరద్రాత్రుల వర్ణనే. అందులో రాలే ఆకు ఎక్కడుంది?

మరి జపాన్ వాళ్ల శరత్తును మనం ఏమనాలి? రెల్లుచేను గారి అమ్మగారు చూసింది శరత్తే, సందేహం లేదు. ఎర్ర మేపుల్ ఆకుల బొమ్మలు చూసినప్పుడు మాత్రం నాకు శిశిరం గుర్తొస్తుంది.

క్యోటోచలి
తాటాకు గారూ, మీరు అడిగింది ఈ తెరలకు చాలా అవసరమైన ప్రశ్న. జపాన్ పాత చాంద్రమాన పంచాంగంలో శరత్తు ఏడు, ఎనిమిది, తొమ్మిది నెలలు. అంటే ఇప్పటి లెక్కలో ఆగస్టులోనే మొదలు. ఇంకా చెమటలు కారుతుంటాయి, కానీ పంచాంగం ప్రకారం శరత్తు వచ్చేసింది. ఎనిమిదో నెల పున్నమికి సుసుకి గడ్డి కంకులు, పిండి ఉండలు పెట్టి చంద్రుణ్ణి చూస్తారు. చాలా ఏళ్లలో అది మన భాద్రపద పౌర్ణమే, కొన్నేళ్లలో ఆశ్వయుజ పౌర్ణమి.

కాబట్టి వాళ్ల శరత్తులో రెండు ముఖాలున్నాయి. మొదటిది గడ్డీ చంద్రుడూ, ఇది మన శరత్తుకు చుట్టం. రెండోది చివర్లో వచ్చే ఎర్ర ఆకులు, దానికి మన దగ్గర సరైన జోడీ లేదు. తెరల్లో మొదటి రకం చాలా ఎక్కువ. మాన్యోషు అనే పాత జపాన్ పద్యసంకలనం కాలం నాటి కవి యమనొఉఏ నో ఒకురా శరత్తు మొక్కలు ఏడింటిని వరుసగా చెప్పాడు: హగి, సుసుకి, కుజు, నదెషికో, ఒమినయెషి, ఫుజిబకామా, ఆసగావొ. ఆఖరిది ఇప్పుడు కిక్యో అని పిలిచే నీలిరంగు పువ్వు అని ఎక్కువమంది అంటారు. దాని మొగ్గ గాలి ఊదిన బుడగలా ఉంటుంది, నొక్కాలనిపిస్తుంది. ఆ ఏడింటిలో ఒక్కటీ చెట్టు కాదు. అన్నీ తొక్కితే నలిగిపోయే మొక్కలే.

రెల్లుచేను
అమ్మకు చదివి వినిపించాను. సుసుకి మన రెల్లేనా అని అడగమంది.

క్యోటోచలి
వేరే మొక్కండి, కానీ రెల్లుకు దగ్గర చుట్టమే. అదీ ఇదీ రెండూ చెరకు కుటుంబానివి. సుసుకి కొండవాలుల్లో, ఖాళీ నేలల్లో కూడా పెరుగుతుంది. పాత ఇళ్లకు పైకప్పు వేసేది దానితోనే. మన లంకల్లో రెల్లు కప్పిన పాకలు ఉన్నట్టే.

పాతకుంచె
నేను నలభై ఏళ్లు డ్రాయింగు మాస్టారుగా చేశాను. పదార్థం గురించి మాట్లాడితే కొంత తేలుతుందని రాస్తున్నాను. బంగారు రేకు ఒక్కొక్కటి బెత్తెడు పైచిలుకు చదరపు ముక్క. ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలచన. పక్కపక్కన అంటించేటప్పుడు అంచులు కొంచెం ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడ బంగారం రెండు పొరలు కాబట్టి సన్నటి గళ్లు కనిపిస్తాయి. మీరు మ్యూజియంలో పక్కనుంచి చూస్తే ఆ గళ్లు తెలుస్తాయి. ఇప్పటికీ జపాన్‌లో బంగారు రేకు దాదాపు మొత్తం కనజవా ఊరిలోనే తయారవుతుంది.

రంగులు రాళ్ల పొడి. నీలం, పచ్చ రెండూ రాగి ఉన్న రాళ్లను నూరినవే. తెలుపు ఆల్చిప్పల పొడి, గొఫున్ అంటారు. జంతువుల తోలు, ఎముకల నుంచి తీసిన జిగురులో కలుపుతారు. చామంతి రేకుల్ని ఈ తెలుపుతో ఉబ్బెత్తుగా పెట్టిన తెరలున్నాయి. వేలితో తడిమితే తగులుతుంది (తడమనివ్వరనుకోండి). కోరిన్, హోయిత్సు వర్గం వాళ్లు ఇంకో పని చేసేవారు. ఒక రంగు తడిగా ఉండగానే అందులో ఇంకో రంగు చుక్క వదిలేస్తారు. అది తనంతట తాను పాకి ఆకు మీద మచ్చలా, చెట్టు మీద నాచులా నిలబడుతుంది. చేత్తో దిద్దితే ఆ సహజం రాదు. మా పిల్లలకు ఎన్నిసార్లు చూపించినా, చుక్క వదిలాక చెయ్యి వెనక్కి తీసుకోవడమే వాళ్లకు కష్టమయ్యేది.

బంగారం మీద మాత్రం నాకు ఒక అభ్యంతరం ఉంది. ఎంత అందమైనా అది డబ్బున్నవాడి దర్పం. గడ్డిపరక వెనక అంత బంగారం దేనికి?

క్యోటోచలి
దర్పం లేదని అననండి, మాస్టారూ. ఆ తెరలు కోటల్లో, ప్రభువుల ఇళ్లలో, గుళ్లలో నిలబడ్డవే. కానీ ఆ గదులు చీకటి గదులు. చూరు బాగా కిందికి ఉంటుంది. కాగితపు తలుపుల్లోంచి వచ్చే వెలుతురు నేల దగ్గరే ఆగిపోతుంది. రాత్రి అయితే నూనె దీపమో కొవ్వొత్తో. అలాంటి గది లోపలి మూల బంగారు తెర పెడితే ఉన్న కాస్త వెలుతురును పట్టి తిరిగి ఇస్తుంది. దీపం కదిలినప్పుడల్లా బంగారం ఒకచోట వెలిగి, ఒకచోట మసకబారుతుంది. మ్యూజియంలో సమంగా పడే లైటులోనూ, ఫోన్ స్క్రీన్ మీదా అది పసుపు రంగు అయిపోతుంది. రెల్లుచేను గారి మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇదే.

వెండి ఇంకా చల్లగా ఉంటుంది. హోయిత్సు తెరలో అది వెన్నెలగానూ పనిచేస్తుంది, తడి గాలిగానూ పనిచేస్తుంది. అయితే వెండికి ఒక గండం ఉంది, గాలిలో గంధకం తగిలి నల్లబడుతుంది. ముసాషినో తెరలు అని ఒక రకం ఉన్నాయి. ఇప్పటి తోక్యో ఉన్న ఆ పెద్ద మైదానం ఒకప్పుడు అంతా గడ్డి. చంద్రుడు దిగడానికి కొండే లేదు, గడ్డిలో పుట్టి గడ్డిలోనే అస్తమిస్తాడని కవులు చెప్పుకునేవారు. పదిహేడో శతాబ్దంలో ఈ బొమ్మ చాలాసార్లు వేశారు. అడ్డంగా దట్టమైన గడ్డి, దాని కాడల మధ్య చిక్కుకున్న పెద్ద చంద్రుడు. చంద్రుడు వెండి. ఇప్పుడు చాలా తెరల్లో ఆ చంద్రుడు నల్లగా ఉన్నాడు.

పాతకుంచె
నల్లబడిన చంద్రుడు... ఒప్పుకున్నాను. బంగారం ఎందుకో చీకటి గదిని ఊహించుకుంటే ఇప్పుడు అర్థమైంది.

మేపుల్‌లీఫ్
నేను కెనడాలో ఉంటాను. మాకు ఆటమ్ అంటే ఎర్ర చెట్లే. ఎర్ర ఆకుల తెరలు కావాలంటే హసెగావా తోహాకు మేపుల్ తెర చూడండి. క్యోటోలో చిషకుఇన్ గుడిలో ఉంది. మధ్యలో పెద్ద మొద్దు, చుట్టూ ఎర్ర ఆకులు, కింద పూలు. నేను చూసినవాటిలో అంతకన్నా గొప్పది లేదు.

క్యోటోచలి
మేపుల్‌లీఫ్ గారూ, బొమ్మ గొప్పదే, కానీ అది మడత తెర కాదు. గోడల మీదా జారుడు తలుపుల మీదా వేసిన బొమ్మ. గది చుట్టూ తిరుగుతుంది. దాని కథ తెలిస్తే చూసే కన్ను మారుతుంది. అప్పట్లో జపాన్‌ను ఏలిన హిదెయొషి కొడుకు త్సురుమత్సు 1591లో పోయాడు, రెండేళ్లు దాటిన పసివాడు. వాడి జ్ఞాపకంగా కట్టిన గుడి కోసం వేసిన బొమ్మలవి. చెర్రీ పూల బొమ్మ తోహాకు కొడుకు క్యూజోది. అతను కూడా 1593లో 26 ఏళ్లకే పోయాడు. వసంతం కొడుకుది, శరత్తు తండ్రిది. ఇప్పుడు ఒకేచోట ఉన్నాయి.

మేపుల్ చెట్టు కింద వేసిన ఎర్రటి పూలు కోడిజుట్టు పూలు. మన పెరళ్లలో సీతమ్మ జడ అంటామే, అదే.

మేపుల్‌లీఫ్
సరిదిద్దినందుకు కృతజ్ఞతలు. ఆ కొడుకు విషయం తెలియకుండానే అక్కడ గంటసేపు కూర్చున్నాను. మళ్లీ వెళ్లాలి.

నిజమైన మడత తెరలో ఎర్ర ఆకులు కావాలంటే?

క్యోటోచలి
కనో హిదెయొరి వేసిన తకావొ తెర. పదహారో శతాబ్దం, ఆరు రెక్కలు, తోక్యో నేషనల్ మ్యూజియంలోనే ఉంది, జాతీయ సంపదగా గుర్తించారు. క్యోటోకు వాయవ్యంగా తకావొ లోయ ఉంది, అక్కడ కియొతకి నది. ఆ ఒడ్డున జనం ఆకులు చూడటానికి వచ్చి కూర్చున్నారు. ఒక పక్క ఆడవాళ్లు పిల్లలతో, ఇంకో పక్క మగవాళ్లు తినడం, తాగడం. టీ అమ్మేవాడు కూడా ఉన్నాడు. కార్తీక వనభోజనాల్లాగే ఉంటుంది, చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. కానీ ఎడమ చివర దూరంగా అతాగొ కొండ మీద మంచు పడి ఉంది. ఇక్కడ నవ్వులు సాగుతుండగానే అక్కడ చలికాలం వచ్చేసింది.

ఇంకొకటి, హోయిత్సు శిష్యుడు సుజుకి కీత్సు (1796-1858) వేసిన ఏరు. తోక్యోలో నెజు మ్యూజియంలో ఉంది. కుడి తెర వేసవి, చెట్టు మానుకు ఒకే ఒక ఇలకోడి అంటుకుని ఉంటుంది. ఎడమ తెరలో చెర్రీ ఆకులు ఎర్రబడి రాలుతుంటాయి. నీళ్లు మాత్రం ముదురు నీలంగా, బంగారు గీతలతో, ముద్దగా మన మీదికి వస్తున్నట్టు ఉంటాయి. గురువు బొమ్మలో ఉన్న మెత్తదనం ఇందులో ఉండదు. నాకు కొంచెం భయం కూడా వేస్తుంది, నిజం చెప్పాలంటే.

బొమ్మలబడి
మడత గురించి ఎవరూ చెప్పలేదు. బొమ్మ మధ్యలో మడత పడితే చెడిపోదా? నేనైతే చదునుగా వేసేదాన్ని.

క్యోటోచలి
ఇదే రెల్లుచేను గారి ప్రశ్నకు మిగతా సగం జవాబు.

జపాన్‌లో మడత తెరను బ్యోబు అంటారు, అంటే గాలికి అడ్డం. ముందు అది ఇంటి సామాను, తర్వాతే బొమ్మ. మొదట్లో ఒక్కో రెక్కకు విడిగా చట్రం, చుట్టూ గుడ్డ అంచు ఉండేవి. రెక్కలను తోలు లేదా పట్టు తాళ్లతో కట్టేవారు. కాబట్టి బొమ్మ ఏ రెక్కకు ఆ రెక్కే. తర్వాత కాగితం బందులు వచ్చాయి. కాగితపు పట్టీని ఒకచోట ముందు నుంచి వెనక్కి, తర్వాతి చోట వెనక నుంచి ముందుకు, ఇలా మార్చి మార్చి అంటిస్తారు. రెక్కల మధ్య సందు పోతుంది, ఏ వైపుకైనా మడవొచ్చు. అప్పటినుంచి ఒకే నది, ఒకే గడ్డిమైదానం ఆరు రెక్కలూ దాటి సాగడం మొదలైంది.

మంచి చిత్రకారుడు మడతను లెక్కలోకి తీసుకునే గీస్తాడు. తెర నిలబడాలంటే వంకర వంకరగానే నిలబడాలి. ముందుకొచ్చిన మడత మీద ఉన్న కాడ దగ్గరకొస్తుంది, లోపలికి పోయిన మడతలోది దూరం పోతుంది. ఎడమ నుంచి చూస్తే కొన్ని రెక్కలే కనిపిస్తాయి, కుడికి నడిస్తే మిగతావి తెరుచుకుంటాయి. పైగా వాళ్లు నేల మీద చాప పరుచుకుని కూర్చుని చూసేవారు. హోయిత్సు గడ్డి కూర్చున్న మనిషి ముఖం ఎత్తుకు వస్తుంది. పుస్తకంలో, ఫోన్లో దాన్ని చదును చేసి ఎదురుగా ఫొటో తీస్తారు. మీ అమ్మగారు మోకాళ్ల నొప్పితో కూర్చోవడం వల్ల సరైన ఎత్తు నుంచే చూశారు.

రెల్లుచేను
ఇది చదివి కళ్లు చెమ్మగిల్లాయి. కూర్చున్నందుకు నేను అప్పుడు "త్వరగా పద అమ్మా, ఇంకా చాలా గదులున్నాయి" అని తొందరపెట్టాను.

పాతకుంచె
రెల్లుచేను గారూ, బాధపడకండి. ఇంకో తెర గురించి చెబుతాను, దానికి మనకూ కొంచెం బంధుత్వం ఉంది.

హిషిదా షున్‌సో, 'రాలిన ఆకులు', 1909. ఆరు రెక్కల తెరలు జత, తోక్యోలో ఎయ్‌సెయ్ బున్కో వాళ్ల దగ్గర ఉంది. ఆయన 1903లో యోకొయామా తైకాన్‌తో కలిసి కలకత్తా వచ్చారు. వాళ్ల గురువు ఒకాకురా పంపించారు. టాగూర్ల ఇంటివాళ్లతో స్నేహం కుదిరింది. తైకాన్ కాగితాన్ని తడిపి రంగును పలచగా పరిచే తీరు చూసి అవనీంద్రనాథ్ టాగూర్ తన వాష్ పద్ధతిని తయారుచేసుకున్నారు. ఆ బెంగాల్ పద్ధతిని ప్రమోద్ కుమార్ చటర్జీ బందరు జాతీయ కళాశాలకు తెచ్చారు. అడివి బాపిరాజు గారు అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్నారు. మా గురువుగారు మాకు వాష్ నేర్పుతూ కాగితాన్ని నీళ్లలో ముంచినప్పుడు, దీనికి ఒక కొస జపాన్‌లో ఉందని నాకు తెలియదు.

ఇక ఆ తెర. షున్‌సోకు కిడ్నీ జబ్బు, దానితో చూపు దెబ్బతింది. కోలుకుంటూ యొయొగి దగ్గర చెట్ల మధ్య తిరుగుతూ ఈ బొమ్మ వేశారు. ఇప్పుడు అక్కడంతా నగరం. 1911లో పోయారు, 37 కూడా నిండలేదు. బొమ్మలో ఏముంది? కొన్ని చెట్ల మొదళ్లు, కొమ్మలు తెర పై అంచు దాటిపోయాయి. కింద రాలిన ఆకులు. ఒక చిన్న మొక్క ఇంకా పచ్చగా ఉంది. నేల గీత లేదు. దిగంతం లేదు. దూరంగా ఉన్న చెట్లు పలచబడి కాగితంలో కలిసిపోతాయి. బంగారం పెద్దగా లేదు, దర్పం అసలే లేదు. నాకు ఇదే అన్నిటికన్నా ఇష్టం.

తాటాకు
ఆకులు రాలాయి కాబట్టి మనం దీన్ని శిశిరం అనొచ్చా, మాస్టారూ?

పాతకుంచె
ఆ పచ్చటి మొక్కను చూస్తే అనబుద్ధి కాదండి. మీరు బొమ్మ చూసి చెప్పండి.

బొమ్మలబడి
ఒక చిన్న ప్రయోగం చెయ్యండి అందరూ. ఆ తెర ఫొటో పొడుగ్గా ప్రింట్ తీసి, ఆరు రెక్కలు వచ్చేలా మడతలు ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి వేసి నేల మీద నిలబెట్టండి. ట్యూబ్‌లైటు ఆర్పండి. నేను చేశాను. ఇంక ఏమీ చెప్పను.

రెల్లుచేను
నిన్న రాత్రి చేశాను. రెండు తెరలూ విడివిడిగా ప్రింట్ తీసి, అట్టకు అంటించి, మడిచి, గచ్చు మీద నిలబెట్టాను. లైటు ఆర్పి ఫోన్ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టాను. వీడియో కాల్‌లో అమ్మ ఉంది. గడ్డం నేలకు ఆనించి చూశాను. చదునుగా ఉన్నప్పుడు ఆకులు ఖాళీ కాగితం మీద అంటించినట్టు ఉన్నాయి. మడిచాక కొన్ని చెట్లు ముందుకొచ్చాయి, కొన్ని లోపలికి నడిచి వెళ్లాయి. వాటి మధ్య రాలిన ఆకులు ఎక్కడ ఉంటే అక్కడ నేల కనిపించడం మొదలైంది. గీత లేకుండానే.

ఫోన్ కిందకి దించమని అమ్మ రెండుసార్లు చెప్పింది. దించాను. "ఇంకా కింద పెట్టు, నేను కూర్చున్నట్టుండాలి" అంది.